బావ గెలిచిన అరడుగు

మా బావ మీద నాకున్న కోపం ఈ జన్మలో తీరేది కాదు. ఊరంతా ఆయన్ని జేబుల ఎమ్మెల్యే అంటుంది. ఆ జేబులు కుట్టింది నేనే. మొదటిసారి ఎన్నికల్లో నిలబడ్డప్పుడు, అక్క మొగుడు కదా అని నాలుగు తెల్ల చొక్కాలు ఊరికే కుట్టి, ఒక్కోదానికి రెండేసి పెద్ద జేబులు పెట్టాను. ఎవరు అర్జీ ఇచ్చినా చదవకుండానే మడిచి జేబులో దోపుకుని, "అయిపోయిందనుకో" అనేవాడు. మర్నాడు మా అక్క ఆ చొక్కా సబ్బునీళ్లలో నానబెట్టేది. కుళాయిలు, పింఛన్లు, బదిలీలు అన్నీ ముద్దయిపోయేవి.

అయినా మూడుసార్లు గెలిచాడు. ఎదుటి పార్టీవాళ్లు ఎక్కడెక్కడివాళ్లనో తెచ్చి నిలబెట్టేవాళ్లు. ఈయన ఈ వీధిలోనే పుట్టి, ఈ వీధి కుళాయి దగ్గరే బిందెలతో కొట్లాడి పెరిగినవాడు. జనానికి అదే చాలు.

ఎమ్మెల్యే బావమరిదిని కాబట్టి నేనేదో దోచేస్తున్నానని అందరి నమ్మకం. ఆయన నాకు చేసిన ఉపకారం ఒక్కటే, పొద్దున్నే వచ్చి నా కొట్లో పేపరు చదవడం. బట్టలు కుట్టించుకునేవాళ్లు గుమ్మం దాకా వచ్చి, ఆయన చుట్టూ ఉన్న గుంపును చూసి వెనక్కి పోయేవాళ్లు.

నాలుగో ఎన్నికలు దగ్గరపడుతుండగా మా వీధిని వెడల్పు చేయిస్తానన్నాడు. వీధి మధ్య నుంచి రెండు వైపులా ఇరవయ్యేసి అడుగులు. నా కొట్టు ఏడడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల లోతు. ప్లాను ప్రకారం ముందు వైపు రెండడుగులు పోతాయి. మిగిలిన ఆరడుగుల్లో నా కటింగ్ బల్ల గోడకు గోడ సరిపోతుంది. ఇంకో అంగుళం పోయినా కొట్టు కట్టేసుకోవడమే. అక్క దగ్గర మొత్తుకున్నాను.

"మీ బావతో చెప్పాన్రా. రెండడుగులేనట. పోయి పని చూసుకో" అంది.

కొలతల రోజు ఇంజనీరు టేపు తియ్యగానే ఎదురు వరసలోని చెప్పుల కొట్టాయన అడ్డం పడ్డాడు.

"ఆ టేపు మీద మాకు నమ్మకం లేదు. బావమరిది కొట్టు దగ్గర కురచవుతుంది, మా దగ్గరకొచ్చేసరికి సాగుతుంది."

బావ నవ్వాడు. "సరే, అది వద్దు. మావాడి మెళ్లో టేపుందిగా. ఈ వీధిలో దానికి తెలియని నడుముందా? కొలవరా. ముందు నీ కొట్టే."

"ఇది బట్టల టేపు బావా. ఐదడుగులే."

"నాలుగుసార్లు పెట్టు. ఐదో తరగతి దాకా వెలగబెట్టావుగా, ఆ మాత్రం లెక్క రాదా?"

అందరి ముందూ మోకాళ్ల మీద కూర్చుని వీధి మధ్య నుంచి కొలిచాను. ఐదడుగులు, సుద్దగీత. మళ్లీ ఐదడుగులు, సుద్దగీత. నాలుగో గీత గుమ్మం దాటి లోపల పడింది. ఇంజనీరు దాని మీద ఎర్రరంగు పూసి, "రెండున్నర వచ్చిందే" అన్నాడు.

అప్పుడు నా చేతిని చూసుకున్నాను. ముప్పై ఏళ్లుగా ప్రతి కొలత చివరా కుట్టుకని అంగుళమున్నర వదిలి గీసే చెయ్యి అది. దానికి బట్టేదో రోడ్డేదో తెలియదు.

"బావా, తప్పయింది. ప్రతిసారీ కుట్టుకు వదిలాను" అన్నాను.

"రోడ్డుకు కుట్టేంట్రా?"

"అలవాటు బావా. మొత్తం అరడుగు ఎక్కువ పోయింది. ఇంజనీరు చేత మళ్లీ కొలిపించు."

"చూశారా, బావమరిదికి నష్టం అనగానే టేపు మారిపోతోంది" అన్నాడు చెప్పుల కొట్టాయన.

బావ జనాన్ని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. అర్జీ మడిచేటప్పుడు చూసే చూపు అది. నా భుజం మీద చెయ్యి వేసి, "మావాడు వీధి కోసం అడిగినదానికన్నా అరడుగు ఎక్కువే ఇస్తున్నాడు. నా ఇంటి మనుషులు ఇలాంటివాళ్లు" అన్నాడు.

అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది చెప్పుల కొట్టాయనే. ఆ తర్వాత తన కొట్టును ఇంజనీరు టేపుతోనే కొలిపించుకున్నాడు.

బావ నాలుగోసారీ గెలిచాడు, ఎప్పుడూ లేనంత మెజారిటీతో. మా వరసలో కొట్లన్నీ ఒక్క తీరుగా ఉంటే నాది మాత్రం ఊడిన పన్నులా లోపలికి ఉంది. బల్ల పట్టక కొట్టు అమ్మేశాను. ఇప్పుడు ఇంట్లో మంచం మీద బట్ట కత్తిరిస్తుంటే, పక్కలో గుండుసూదులని మా ఆవిడ రోజూ దులుపుతోంది, పక్కనీ నన్నూ.

వీధికి పోయింది మొత్తం పదిహేడున్నర చదరపు అడుగులు. పద్నాలుగు ప్లానులో ఉన్నవి. మూడున్నర నేను కొలిచి ఇచ్చినవి.