పచ్చ పుల్ల

ఆశన్న చెయ్యి మంచిదట. పొద్దున లేస్తే మా ఉస్తాద్ అమీర్ జాన్ నోట ఇదే పాట. "ఇస్‌కే హాథ్ మే జాన్ హై" అని, వీడి చేతిలో ప్రాణముందని, నా ముందే అంటాడు. మరి నా చేతులకేం, పక్షవాతమా?

దుబాయ్ అవతల ఫుజైరాలో క్వారీల వెనక మా షూటింగ్ క్లబ్బు. పిస్తోళ్ళు విప్పి, తుడిచి, బాగుచేసే వర్క్‌షాప్‌లో ఉస్తాద్ తర్వాత నేనే. నరసాపురం నుంచి వచ్చిన దగ్గర్నుంచీ ఆయన పక్కన నిలబడే పని నేర్చుకున్నాను. ఈ రంజాన్ అయ్యాక ఆయన పెషావర్ వెళ్ళిపోతున్నాడు. ఆ కుర్చీ నాది కావాలి, అంతే. కరోనా తర్వాత క్లబ్బు మళ్ళీ తెరిచినప్పుడు జగిత్యాల నుంచి దిగాడు ఈ ఆశన్న. దిగి ఏడాదైనా కాలేదు, ఉస్తాద్ తన చాయ్‌లో సగం వాడి గ్లాసులో పోస్తున్నాడు. నాకెప్పుడైనా పోశాడా? చూస్తుంటే ఒళ్ళు మండిపోయేది.

ఆ వారం అల్మాస్ మేడమ్ పిస్తోలు బెంచి మీదికి వచ్చింది. ఆమె మా జట్టులో మొదటి షూటర్. గొట్టం చివరనుండే నల్లటి ముందు సైటు ఎండలో ఆనడం లేదు, ఫైబర్‌ది పెట్టండి అంది. ఫైబర్ సైటంటే చిన్న ఇనుప ముక్కలో దూర్చిన రంగు పుల్ల. పగటి వెలుతురు పట్టుకుని చివర చుక్కలా మెరుస్తుంది. గురి చూసేవాళ్ళ కన్ను ఆ చుక్క మీదే ఉండాలి.

"రంగు ఎంచేది జకరయ్య, బిగించేది ఆశన్న" అన్నాడు ఉస్తాద్ హిందీలో. "ఈ పని చూసి నా తర్వాత బెంచి తాళం ఎవరికివ్వాలో చెప్తా."

ఎంచడం నాకు చేతకాదా? లావు పుల్ల బాగా మెరుస్తుంది గానీ దూరపు టార్గెట్‌ను కప్పేస్తుంది, అందుకని సన్నది తీసుకున్నాను. ఎరుపు ఆమె కళ్ళకు మసగ్గా ఉంటుంది. మా రేంజిలో టార్గెట్ల వెనకంతా ఇసుక కట్ట, పసుపు పెడితే అందులో కలిసిపోతుంది. ఇక మిగిలింది పచ్చ.

"సన్నది చూసి పచ్చది పెట్టరా" అని ఆశన్నకు చెప్పి బయటికి వెళ్ళాను. వర్క్‌షాప్‌లో అందరం రంగుల్ని హిందీలోనే హరా, పీలా, లాల్ అంటాం. ఇద్దరం తెలుగువాళ్ళమే కదా అని ఆ ఒక్క పూట తెలుగులో ఏడ్చాను.

తిరిగొచ్చేసరికి పాత సైటు ఊడొచ్చింది, కొత్తది గాడిలో సరిగ్గా నడిమధ్య కూర్చుంది. వాడు నాకు వీపు పెట్టి, కాస్త పొడవుగా కోసిన పుల్ల చివరల దగ్గరికి వేడి కడ్డీ తెస్తున్నాడు. రెండు చివరలూ పుట్టగొడుగు తలల్లా ఉబ్బి బిగుసుకున్నాయి. ఒక్క దెబ్బకే! ఆ వేడి నా చేతికి అలవడేలోపు ఎన్ని పుల్లలు మాడ్చానో దేవుడికే తెలుసు.

"మంచిగున్నదా అన్నా, చూడు" అని నా చేతిలో పెట్టాడు.

చూశాను. పుల్ల పసుప్పచ్చగా ఉంది.

బెంచి దాటే ప్రతి పిస్తోలునూ ఆఖర్న చూసేది నేనే. తప్పని చెప్తే వాడు చిటికెలో మార్చేస్తాడు, మళ్ళీ మంచి చెయ్యి అనిపించుకుంటాడు. నాకేం ఖర్మ! "బ్రహ్మాండంగా ఉందిరా" అని పెట్టెలో పెట్టి మూసేశాను. ఆ పూట మెస్సులో పప్పు కూడా రుచిగా తగిలింది.

మర్నాడు అల్మాస్ రేంజి నుంచి విసురుగా వచ్చి పెట్టె బెంచి మీద పెట్టింది. గురి చూస్తే చుక్క ఇసుకలో మాయమైపోతోందట. ఉస్తాద్ పెట్టె తెరిచాడు. "ఆశన్నా, పీలా పెట్టమని ఎవడు చెప్పాడు?"

ఆశన్న తెల్లమొహం వేసుకుని నావైపు తిరిగాడు. "నువ్వే గదనే పచ్చది పెట్టుమన్నవ్?"

"పచ్చంటే హరా రా సన్నాసీ!"

"హరా అంటే ఆకుపచ్చ గదా! మా దిక్కు పచ్చ అంటే ఇగో, గిదే. పచ్చకామెర్లు ఏ రంగుల ఉంటయే మరి?"

మాట ఒకటే, ఊళ్ళు వేరని వాడే వచ్చీరాని హిందీలో ఉస్తాద్‌కు విప్పి చెప్పాడు. అల్మాస్ పకపకా నవ్వింది. ఉస్తాద్ కూడా మీసాల్లో నవ్వుకున్నాడు. అంతటితో పోయేదే.

"సరే, ఆఖర్న చూసేది నువ్వు కదా జకరయ్యా, నీకు కనబడలేదా?" అన్నాడు.

ఆశన్న గబుక్కున అడ్డొచ్చాడు. "నై దేఖా ఉస్తాద్. అన్న జల్దీల ఉండె."

నన్ను కాపాడుతున్నాడట! వీడు! ఉస్తాద్ ముందు నన్ను రంగు తెలియని గుడ్డివాణ్ణి చేసి, పైగా జాలి ఒకటి. కోపం నెత్తికెక్కింది.

"నాకు కళ్ళు లేవనుకున్నావురా?" అని అరిచాను. ఉస్తాద్‌కు బాగా అర్థం కావాలని హిందీలోకి కూడా మారాను. "దేఖా థా! పీలా అని తెలిసే పెట్టె మూశాను!"

నోరు దాటాక గానీ ఏమన్నానో తెలియలేదు. అల్మాస్ నవ్వు ఆగిపోయింది. ఉస్తాద్ నన్ను తిట్టలేదు, తిట్టినా బాగుండేది. మెళ్ళో తాళంచెవి తీసి ఆశన్న చేతిలో పెట్టి "ఖలాస్" అన్నాడు.

వాడు దాన్ని జేబులో వేసుకోకుండా బెంచి మీద, మా ఇద్దరి మధ్య పెట్టాడు. ఆ మంచితనం చూస్తే నాకింకా మంట. పుల్లల డబ్బా నా ముందుకు జరిపి మెల్లగా అడిగాడు.

"అన్నా, ఏ రంగు పెట్టాలె?"

పళ్ళు నూరుతూ చెప్పాను. "ఆకుపచ్చ."