పలకకు అటువైపు

ఉక్కు ఫ్యాక్టరీ కార్మికులుండే బర్మామైన్స్ లైన్లలో జగదాంబకు పేరొచ్చింది ఆమె చేపల పులుసు వల్ల కాదు, కూతురికి ఇంట్లోనే మెట్రిక్ చదివిస్తోందని. జానకి ఎనిమిదో తరగతిలో ఉండగా టైఫాయిడ్ వచ్చి ఏడాది పోయింది. తనకంటే చిన్నపిల్లల పక్కన బెంచీ మీద కూర్చోనని మొండికేసింది. సరే, పరీక్ష ప్రైవేటుగా కట్టిద్దామని చెప్పి తండ్రి పోలరాజు తన షిఫ్టుకు తాను వెళ్ళిపోయాడు. మిగిలినదంతా జగదాంబ నెత్తిన పడింది.

రోజూ మధ్యాహ్నం ఆమె చరిత్ర పుస్తకం ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చునేది. జానకి గోడకు ఆనుకుని పాఠం అప్పజెప్పేది. ఎక్కడ తడబడినా "మళ్ళీ సెప్పు" అనేది జగదాంబ, పేజీ మీంచి కళ్ళెత్తకుండా. ఒక్క తప్పూ దాటిపోయేది కాదు. దారిన పోయే ఆడవాళ్ళు ఆగి మరీ చూసేవారు.

ఇంతకీ జగదాంబకు చదువు రాదు. ఓనమాలు కూడా రావు. రెండుసార్లు వింటే పాఠం ఆమెకు కంఠతా వచ్చేసేది. తెలియని చోట పిల్ల గొంతు ఎలా జారుతుందో కన్నతల్లికి ఒకరు చెప్పనక్కర్లేదు. అట్ట మీద నూనె మరక పైకి ఉండేట్టు పట్టుకుంటే పుస్తకం తలకిందులయ్యే భయమూ లేదు. పెళ్ళయిన కొత్తలో ఈ సంగతి తెలిసిన పోలరాజు కూడా ఎప్పుడో మరిచిపోయాడు.

బడి మానినా జానకి ఆదివారాలు గోల్‌మురిలో గర్ల్ గైడ్స్‌కి వెళ్ళడం మానలేదు. ఆమె చొక్కా చేతి మీద వంటకు ఒకటి, కట్లు కట్టడానికి ఒకటి, రెండు గుడ్డ బ్యాడ్జీలు ఉండేవి. రెండూ కుట్టింది జగదాంబే. డెబ్బై తొమ్మిది చలికాలంలో జానకి కొత్త బ్యాడ్జీ కబురు తెచ్చింది. చదువు రాని పెద్దవాళ్ళు ఒకరికి మూడు నెలల్లో చదవడం, రాయడం నేర్పాలట.

జగదాంబ చేస్తున్న పని ఆపి కూతురి వైపు తిరిగింది. "మరి ఎవులికి నేర్పుతావే?"

"పక్కింటి భద్రమ్మ పిన్నికి. అడిగేశాను కూడా."

భద్రమ్మది పర్లాకిమిడి వైపు. మొగుడికి కిరాణా కొట్టు, ఆమె నోట్లో ఎప్పుడూ పాన్. "నాకు సదువు రాదమ్మా" అని వీధంతా వినపడేట్టు చెప్పుకునే రకం. జగదాంబ పదహారేళ్ళుగా గుండెల్లో దాచుకున్న మాటను ఆవిడ ఉమ్మేసినంత తేలిగ్గా అనేసి, ఆమె కూతుర్ని ఎగరేసుకుపోయింది. జగదాంబకు ఒళ్ళు మండిపోయింది.

చదువు జగదాంబ వసారాలోనే సాగింది. భద్రమ్మ పలక ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, జానకి పక్కన చేరి ఆమె మణికట్టు పట్టుకుని అక్షరాలు దిద్దించేది. ఎదురుగా జగదాంబ చేటలో బియ్యం ఏరుతూ చూసేది. తన చెయ్యి ఆ పిల్ల అలా పట్టుకుని ఎన్నాళ్ళయింది? జ్వరంలో పట్టుకుంది, అంతే.

"బహుత్ అచ్ఛా, పిన్నీ" అని జానకి మెచ్చుకునేది. ఆ మాట తనకు ఒక్కనాడూ దక్కలేదు.

"పరీచ్చలు దగ్గిరకొత్తంటే ఈ బాగోతం ఏటే?" అంది ఓసారి.

"రహనే దో అమ్మా, ఊరుకో. నా చదువు నేను చదువుతున్నా కదా."

ఇక చేసేది లేక భద్రమ్మకు టీలో పంచదార తగ్గించింది. ఆవిడ గ్లాసు ఖాళీ చేసి, "సెక్కెర మర్సిపోయినావేటి అక్కా" అని నవ్వింది. జగదాంబ చూపు మాత్రం పలకను వదల్లేదు. చేటలో రాళ్ళు ఎక్కడివక్కడే ఉండిపోయి, అన్నంలో పోలరాజు పళ్ళకింద పడేవి.

ఫిబ్రవరిలో ఓ ఆదివారం పరీక్ష పెట్టడానికి గైడ్స్ కెప్టెన్ వచ్చింది. తెలుగావిడే అయినా పిల్లలంతా దీదీ అంటారు. ఒక కాగితం మీద ఒక వాక్యం రాసి భద్రమ్మ ముందు స్టూలు మీద పెట్టింది.

"మా... ఊరి..." అని భద్రమ్మ ఆగిపోయింది. జానకి మొహం పాలిపోయింది.

ఊరుకుంటే సరిపోయేది. కానీ భద్రమ్మకు రానిది తనకు వచ్చిన ఆ ఒక్క క్షణాన్ని జగదాంబ వదులుకోలేకపోయింది. "బావిలో నీళ్ళు తియ్యగా ఉంటాయి" అంది ఎదుటి నుంచి, చేట వదలకుండా.

దీదీ నవ్వింది. "మీకు రాకేం, పిల్లకు చదువు చెప్పే తల్లి. పోనీ, ఇది మీరు చదవండి, ఆవిడ రాస్తారు" అని ఇంకో కాగితం చేతికిచ్చింది.

జగదాంబ కాగితం వైపు చూసింది. ఒక్క అక్షరమూ తెలిసింది కాదు. చేతులు వాటంతట అవే కాగితాన్ని తలకిందులుగా తిప్పాయి. అప్పుడు చదివింది, మాట మాటా కూడబలుక్కుని: "చలి... పోయింది. ఎండ... వచ్చింది."

తలెత్తేసరికి ముగ్గురూ ఆమెనే చూస్తున్నారు. జానకి చూపు కాగితం మీంచి తల్లి చేట మీదికి, అక్కణ్ణుంచి భద్రమ్మ ఒళ్ళో పలక మీదికి వెళ్ళి, మళ్ళీ తల్లి దగ్గర ఆగింది.

"అదేమిటి, అలా చదువుతారు?" అంది దీదీ.

"మా అక్కకి అలగే అలవాటు దీదీ" అని భద్రమ్మ అడ్డం పడి, గబగబా రాసేసింది. ఒక్క దీర్ఘం తప్ప అంతా ఒప్పే. దీదీ సంతకం పెట్టి వెళ్ళింది. భద్రమ్మ తనను కాపాడిందన్న సంగతి జగదాంబకు అన్నిటికన్నా చేదుగా ఉంది.

భద్రమ్మ కూడా వెళ్ళి ఇద్దరే మిగిలాక జానకి మెల్లిగా అడిగింది. "మరి చరిత్ర పుస్తకం చదవడం రాకుండానే పట్టుకునేదానివా అమ్మా?"

"ఔను. నాకేటీ రాదు." అని, ఆగలేకపోయింది. "నన్నెందుకు అడగనేదే? దాన్నే ఎందుకు అడిగినావు?"

"నీకు వచ్చనుకున్నాను. నువ్వు ఒక్క తప్పు కూడా వదల్లేదు కదా."

 మూడు నెలల పాటు పిల్లను భద్రమ్మ పక్కన కూర్చోబెట్టింది జగదాంబ అబద్ధమే.

జానకి లోపలికెళ్ళి పలక తెచ్చింది. జగదాంబ అలవాటు కొద్దీ ఎదురుగా కూర్చోబోయింది. "అటు కాదు, ఇటు" అని జానకి ఆమెను పక్కకు లాక్కుని మణికట్టు పట్టుకుంది. పిల్ల చెయ్యి వెచ్చగా ఉంది. ఇన్నాళ్ళూ ఎదుటి నుంచి తలకిందులుగా చూసిన "జ" నిటారుగా నిలబడి కొత్త మనిషిలా కనిపించింది.

అవతల గుమ్మంలో భద్రమ్మ పాన్ నములుతూ ఇటే చూస్తోంది. జగదాంబ వసారా అంచుకు కొంచెం జరిగింది.

"గట్టిగా సెప్పవే" అంది కూతురితో. "ఇనబడనేదు."