ఒక సైజు పెద్ద పుస్తకాలు

గొడవ బెండకాయల దగ్గర మొదలైంది. గౌతమి వాటిని సన్నగా చక్రాల్లా తరుగుతుంటే, ఫ్యాక్టరీకి సెలవై ఇంట్లో ఉన్న భర్త నరేందర్ వచ్చి వంటింటి గడప మీద నిలబడ్డాడు.

"గింత సన్నగ కోస్తే జిగురైతది. అమ్మ పొడుగ్గ కోస్తది."

"అయితే అత్తమ్మనే కొయ్యమనున్రి."

"మధ్యల నన్నెందుకు గుంజుతున్రు?" హాల్లోంచి అంది రాములమ్మ. "కడుపులకు పోయినంక పొడుగేంది, పొట్టేంది? ఐతారమొస్తే మీ ఇద్దరికి ఇదే పంచాయితీ."

గౌతమి కత్తి ఆపలేదు. ఆమెకు కోపం కూడా రాలేదు. శుక్రవారం నుంచి ఆమెకు ఏదీ గట్టిగా తగలడం లేదు.

ఆ రోజు బట్టలు మడతపెడుతూ కూతురు మనస్విని ఇంగ్లిషు కథ గడగడా చదువుతుంటే వింది. పిల్ల ఒళ్ళో తెరిచి ఉన్న పేజీలో కుక్క ఉంది. నోట్లోంచి మాత్రం తర్వాతి పేజీలోని పడవ వస్తోంది. పుస్తకం మధ్యలో తెరిచి ఒక చిన్న మాట మీద వేలు పెట్టి అడిగితే, పిల్ల ఆ మాట వైపు చూడలేదు. తల్లి పెదవుల వైపు చూసింది.

ఆ ఇంట్లో యూనిఫాం అయినా, బూట్లయినా ఒక సైజు పెద్దవే కొంటారు. వచ్చే ఏడాదికీ పనికొస్తాయని అంచు లోపలికి మడిచి కుడతారు, బూటు ముందు దూది కూరుతారు. గౌతమి పుస్తకాలూ అలాగే కొంది. పిల్లకు అందకపోతే తనే చదివి వినిపించింది. పిల్ల విన్నదల్లా నోటికి పట్టేసింది.

తెల్లారితే నాచారంలో బడి తెరుస్తారు. మూడో తరగతికి వెళ్ళాలంటే, ఇంటి నుంచి తెచ్చుకున్న ఇంగ్లిషు పుస్తకంలో మొదటి అధ్యాయం టీచర్ ముందు చదవాలి. చదవలేకపోతే మళ్ళీ రెండో తరగతే.

మధ్యాహ్నం కూతురితో ఉప్పల్ వెళ్ళి, మెట్రో స్టేషన్ దగ్గరి పాత పుస్తకాల దుకాణంలో కూర్చుంది. కొన్నిటికి అక్షరాలు పెద్దవే, కానీ ఒక్కో వాక్యం మూడు వరుసలు పాకుతోంది. కొన్ని సన్నటివే, కానీ వరుసకో కొత్త మాట. అధ్యాయం రెండు మూడు పేజీల్లో ముగియాలి. వచ్చిన మాటే మళ్ళీ మళ్ళీ రావాలి. నచ్చినదాన్ని మధ్యలో తెరిచి, బొమ్మను అరచేత్తో కప్పి పిల్ల ముందు పెట్టేది.

"తెల్వని మాటకు ఒక వేలు ముడువు, బిడ్డా."

మొదటి పుస్తకానికే పిల్ల పిడికిలి మూసుకుపోయింది. రెండోదానికీ అంతే. చివరికి బస్సెక్కిన మేక కథ దొరికింది. పిల్ల ఒక్కో మాటా కూడబలుక్కుంటూ పేజీ చివరిదాకా వచ్చింది. వేళ్ళు రెండే ముడుచుకున్నాయి.

"మమ్మీ, మేక డ్రైవర్ సీట్ల కూసుంది!" అని పకపకా నవ్వింది.

సంతోషం కలగాలని గౌతమికి తెలుసు. కలగలేదు. డబ్బిచ్చి, పుస్తకం సంచిలో పెట్టుకుంది.

రాత్రి అన్నాల దగ్గర నరేందర్ ఆ పుస్తకం తిరగేశాడు.

"గిదేంది, ఒకటో తరగతి పోరగాండ్లది లెక్కుంది? పెద్ద పుస్తకంల మొదటి పాఠం దానికి నోటికొచ్చు గద. అదే పట్టుకపొమ్మను. టీచర్‌కేం తెలుస్తది?"

"రెండుల్నే ఉంచితే నలుగుర్ల ఏం జెప్పాలె?" అంది రాములమ్మ. "నా ఆడబిడ్డ మనవరాలు దీనికంటే చిన్నది, అది మూడుకు పోవట్టె."

మనస్విని తలొంచుకుని అన్నం కలుపుతూనే ఉంది, ముద్ద నోట్లో పెట్టడం లేదు.

గౌతమి అందరికీ చారు పోసింది.

"రేపు మనస్విని మేక పుస్తకమే సదువుతది," అంది. "మధ్యల యాడ తెరిచి అడిగినా సరే అని టీచర్‌తోని నేనే చెప్త. రెండో తరగతే అంటే మల్ల రెండో తరగతే కూసుంటది."

"నన్నొక మాట అడుగవా?" అన్నాడు నరేందర్.

"చెప్తున్న," అని, అత్తగారి కంచంలో పెరుగు వేసింది.