కోయని కలువలు

"పూలు లేవు. పిచ్చి ఆకులు. పూడ్చవచ్చు."

ఆఫీసరు రాసింది గుమాస్తా పైకి చదివితే, మడుగు గట్టున నలభైమంది ఆడవాళ్లు నోరెళ్లబెట్టారు. ఆ కలువలు కోసి, కట్టలు కట్టి, బజారులో అమ్ముకునే బతుకులు వాళ్లవి. కాంట్రాక్టరుకు అక్కడ గోదాములు కావాలి. రేపు పొద్దున్నే మట్టి లారీలు వస్తాయట.

తప్పు ఎక్కడ జరిగిందో ముందు పెద్దక్కకే తట్టింది. రోజూ తెలవారుతూనే నీళ్లలో దిగి, విచ్చిన ప్రతి పువ్వూ కోసేస్తారు. మొదటి పువ్వు మాత్రం దేవుడిదని ఆమె నీళ్ల మీదే వదిలేస్తుంది. నిన్న ఆఫీసరు వచ్చింది తొమ్మిదింటికి. అప్పటికి మడుగంతా ఆకులే.

"మన చేతులతో మనమే ఖాళీ చేసి చూపించాం," అంది పెద్దక్క. "రేపు ఎవరూ కోయొద్దు."

"కోయకపోతే తినేదేంటి, ఆకులా?" తోడికోడలు కస్సుమంది. "నీ దేవుడికి ఒక్క పువ్వు చాలు. నాకు ముగ్గురు పిల్లలక్కా."

"ఒక్కరోజు పస్తుందామే. మడుగు పోతే రోజూ పస్తే కదా."

వాదులాట సాయంత్రం దాకా సాగింది. చివరికి తోడికోడలే కొంగు బిగించింది. "సరేలే. రేపు పువ్వు మీద చెయ్యేస్తే విరిచేస్తా. నా చెయ్యైనా సరే."

తెల్లారింది. మడుగు తెల్లగా విరబూసింది. ఇన్ని పూలు ఒక్కచోట వాళ్లెప్పుడూ చూడలేదు. చూసే తీరిక ఎక్కడిది? నడుములోతు నీళ్లలో వరసగా నిలబడ్డారు. లారీలు ఆగిపోయాయి. వెనకే పోలీసులు, ఆఫీసరు, కాంట్రాక్టరు.

"అయ్యా, ఇప్పుడు రాయండి," అంది పెద్దక్క.

ఆఫీసరు పూలవైపు చూసి, గబుక్కున కాగితంలోకి తల దించాడు. "సంతకం అయిపోయిందమ్మా."

"కళ్లు దేవుడిచ్చాడు కదా బాబూ. కాగితం ఒప్పుకుంటేనే చూస్తాయా అవి?"

పోలీసులు ఆమెను రెక్క పట్టుకుని గట్టుకు లాగారు. ఆ ఖాళీలోకి తోడికోడలు జరిగింది.

జీపు ఎక్కుతూ పెద్దక్క వెనక్కి చూసింది. 'స్వామీ, నీ పూలు నువ్వు కాపాడుకోవా?' అని అడగబోయింది. వరసకట్టి నిలబడ్డ వాళ్లను చూసి, ఆ మాట మింగేసింది.

ఎండెక్కింది. కలువలు ఒక్కొక్కటే ముడుచుకున్నాయి. కాంట్రాక్టరు నవ్వాడు.

"అయిపోయిందిగా మీ ముచ్చట. ఇంక పైకి రండి."

తోడికోడలు కదల్లేదు.

"తెల్లారేసరికి మళ్లీ విచ్చుకుంటాయి. మేం ఇక్కడే ఉంటాం. మీరూ కూర్చోండి బాబూ, చూసి పోదురుగాని."