ఆరు ముఖాల ఫ్లెక్సు

పామిడి బస్టాండు ఎదురుగా సోమశేఖర్ ఫ్లెక్సుల అంగడి. ఊళ్లో పుట్టినరోజుకీ అతనే, పెళ్లికీ అతనే, పోయినవాళ్లకీ అతనే. తాతల నాటి బట్టల వ్యాపారం వదిలేసి మెషిన్ కొన్నప్పుడు శెట్లంతా ముసిముసిగా నవ్వారు. ఇప్పుడు వాళ్ల ముఖాలూ ఆ మెషిన్లోంచే బయటికొస్తున్నాయనుకోండి, అది వేరే సంగతి.

ఏప్రిల్లో అతను వేసిన ఒక ఫ్లెక్సు మాత్రం ఊరు మరిచిపోయేది కాదు. పదడుగుల పొడవు, వరసగా ఆరు ముఖాలు. ఆ ఏడాది లిండ్‌మార్క్ బహుమతి వచ్చిన ఆరుగురు వాళ్లు. నేలనో నీళ్లనో అడవినో కాపాడినవాళ్లను ప్రపంచమంతా గాలించి, ఏడాదికి ఆరుగురికే ఇస్తారట ఆ బహుమతి. ఐదు ముఖాలు ఎవరివో పామిడికి తెలియదు. ఆరోది రోజూ చూసేదే, సోమశేఖర్ చిన్నమ్మ నాగలక్ష్మమ్మది.

ఇంతకీ ఆమె చేసిన ఘనకార్యం ఏమిటంటే, చెలమ తవ్వింది. అంతే! పదకొండేళ్లుగా ప్రతి శుక్రవారం పొద్దున, తన బట్టలంగడి తెరవకముందే పెన్న ఏట్లోకి దిగి, పాత వంతెన మూడో స్తంభం పక్కన ఇసుకలో గుంత తీసి, నీళ్లు ఊరేచోటికి ఎన్ని మూరలో మోచేత్తో కొలిచి నోటుబుక్కులో రాసుకుంది. మొదట్లో మూరెడు తవ్వితే నీళ్లు. పోయిన ఏడాదికి మూడు మూరలు. ఇసుక తరలిపోయేకొద్దీ నీళ్లు ఎంత కిందికి దిగిపోయాయో ఆ బుక్కు చెప్పినంత సూటిగా ఏ ఇంజనీరూ చెప్పలేదు. ఇసుక కేసులో కోర్టు దాన్ని నమ్మింది, కాంట్రాక్టరు దేవేంద్ర ఇసుక ట్రాక్టర్లు ఆగిపోయాయి. ఇక చివరి విచారణ ఒక్కటే మిగిలింది. ఆ రోజు బుక్కు పట్టుకుని ఆమె స్వయంగా వెళ్లి సాక్ష్యం చెప్పాలి.

బహుమతి కోసం ధర్మవరం పట్టుచీర కట్టుకుని విమానమెక్కి పోయి వచ్చింది. వచ్చాక మళ్లీ అదే అంగడి, అదే శుక్రవారం, అదే పార.

జూన్లో వార్త వచ్చింది. ఆరుగురిలో ఒకతె, బొలీవియా మనిషి ఎలెనా, జీపుతో సహా లోయలో పడి చనిపోయింది. జీపును వెనకనుంచి లారీ గుద్దిందని తర్వాత తెలిసింది. చిన్నమ్మ నేరుగా సోమశేఖర్ అంగడికి వచ్చింది.

"ఆ పిల్ల ఫోటోకి దండ ఎయ్యి నాయనా. ఆడ స్టేజీ మీద నా చెయ్యి పట్టుకోని నిలబడింది. ఈడ ఒక్క దండకన్నా నోచుకోనీ."

ఫ్లెక్సు మళ్లీ కొట్టి, మళ్లీ కట్టాడు. ఆగస్టులో ఆ ఆరుగురిలోనే ఉన్న మడగాస్కర్ బడిపంతులును ఇంటి గడప మీదే కాల్చేశారు. రెండో దండ పడింది. టీ అంగడి దగ్గర జనం తలలెత్తి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఇంక నలుగురు, అన్నారెవరో. నవ్వులాటకే అన్నారు గానీ ఎవరూ నవ్వలేదు.

విచారణ సోమవారం అనగా, ముందు గురువారం సాయంత్రం ముత్యాలప్ప అంగడికి వచ్చాడు. దేవేంద్ర ట్రాక్టర్లన్నీ చూసుకునేది అతనే. స్టూలు లాక్కుని కూర్చుని, గోడ మీది నమూనాలన్నీ తీరిగ్గా చూశాడు.

"ఏమప్పా శెట్టీ, మాటిమాటికి కొత్త ఫ్లెక్సు కొడతాండావు. మూడో దండ గూడా ఇప్పుడే ఏసి పెట్టుకోరాదా?"

"ఎవరికి, అన్నా?"

"నన్నడిగితే యెట్ల? మీ చిన్నమ్మ ఫోటో నీకాడ ఉండాది కదా. శ్రద్ధాంజలి అని పెద్దగా రాయి. తారీకు జాగా మాత్రం ఒదులు."

సోమశేఖర్ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. లేచి పొమ్మనాల్సింది. పోనీ, చేయనని ఒక్క ముక్క అనాల్సింది. ఏదీ చేతకాలేదు. ఈ వృత్తిలో ఒక పాడు అలవాటుంది. పెద్దాసుపత్రిలో ఎవరైనా చావుబతుకుల్లో ఉన్నారని తెలిస్తే డిజైన్ ముందే తయారుచేసి ఉంచుకుంటారు. ప్రాణం పోయిన గంటలో ఫ్లెక్సు లేవకపోతే పక్క అంగడివాడు లేపుతాడు మరి! అట్లాంటివి అతను ఎన్ని చేసి ఉంచాడో. చేయి అలవాటుగా మౌసు మీదికి పోయింది. చిన్నమ్మ ఫోటో తెచ్చాడు. బంతిపూల దండ తెచ్చి ఆమె మెడ చుట్టూ సర్దాడు. ఒకవైపు దండ కాస్త వంకరగా ఉంటే సరిచేశాడు కూడా. అది తలుచుకుంటే తర్వాత అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

"బాగుండాది," అన్నాడు ముత్యాలప్ప. "నా ఫోనుకు పంపు. దేవేంద్రన్న ఒకసారి చూడాల."

పంపాడు. మెషిన్ నాది, నేను కొడితే కదా అనుకున్నాడు. ఆ ఫైలుతో గుత్తిలోనైనా, అనంతపురంలోనైనా ఎవడైనా కొట్టుకోవచ్చునని తెలియనివాడా? బాగా తెలుసు.

ఆ రాత్రి చిన్నమ్మకు ఫోన్ చేద్దామని రెండుసార్లు తీశాడు. చెబితే బెదిరిపోతుందిలే అని సర్దిచెప్పుకున్నాడు. ఆమె బెదిరే మనిషి కాదు. బెదిరింది తను.

శుక్రవారం పొద్దున ఏడింటికి అంగడికి బయలుదేరాడు. ఏటికి మలుపు తిరిగేచోట, కరెంటు స్తంభాల మధ్య ఫ్లెక్సు కనిపించింది. కొత్తది, ఇంకా ఇంకు వాసన పోలేదు. చిన్నమ్మ ముఖం, బంతిపూల దండ, తను దిద్దిన అక్షరాలు. తను ఖాళీగా వదిలిన చోట తారీకు ఉంది. ఇవాళ్టి తారీకు.

కింద 'ఇట్లు, దుఃఖసముద్రంలో మునిగిన కుటుంబం' అన్నచోట సోమశేఖర్ పాస్‌పోర్టు ఫోటో నవ్వుతోంది. నమూనాలన్నిటిలోనూ ఆ జాగాలో తన ఫోటోయే పెట్టుకుంటాడు, ఎవరైనా ఆర్డరిస్తే తీసి వాళ్లది పెడతాడు. నిన్న ఆ భయంలో తీయడం మరిచిపోయాడు. చావు ఇంకా జరగలేదు, ఏడ్చేవాడి ఫోటో మాత్రం సిద్ధంగా ఉంది. రేపు ఎవరడిగినా, ఈ ఫ్లెక్సు కట్టింది ఎవరంటే కొడుకు వరసైన సోమశేఖరే అంటారు.

ఫోన్ చేస్తే ఆమె ఎత్తలేదు. ఏట్లో దిగేటప్పుడు ఫోను గట్టు మీద చెప్పుల్లో పెట్టి పోవడం ఆమెకు అలవాటు. పదకొండేళ్లుగా అదే వారం, అదే వేళ, అదే స్తంభం. ఊరందరికీ తెలుసు. బండి ఎక్కి ఏటికి దౌడు తీశాడు.

చిన్నమ్మ మెడ లోతు గుంతలో నిలబడి ఉంది. తలకు కొంగు చుట్టుకుని, తడవని ఇసుకను పారతో పైకి ఎగజల్లుతోంది.

"చిన్నమ్మా, పైకి రా. పోదాం."

"మూడున్నర మూరలు తవ్వినా. ఇంకా తడి తగల్లేదు," అంది ఆమె, తలెత్తకుండానే. "ఏమయింది నీకు? ముఖమంతా అట్ల పాలిపోయింది."

చెప్పాడు. అంతా చెప్పాడు. ముత్యాలప్ప రావడం, దండ సరిచేయడం, ఫైలు పంపడం. చెబుతూ ఏడ్చేశాడు. ఆమె పార ఆనించి విన్నది. తిట్టలేదు. తిట్టి ఉంటే అతనికి కొంచెం తేలికయ్యేది.

"పంపినావా," అంది చివరికి. అంతే అంది.

ఇంతలో వంతెన అవతల ట్రాక్టర్ల చప్పుడు. కోర్టు ఆపేసిన ట్రాక్టర్లు. రెండు, నంబరు పలకలు లేనివి, ట్రాలీలు ఖాళీగా ఎగిరిపడుతూ ఏట్లోకి దిగుతున్నాయి. సోమశేఖర్ జేబులో ఫోను మోగింది.

"శెట్టీ, ఆడ ఏం చేస్తాండావు?" ముత్యాలప్ప గొంతు మామూలుగానే ఉంది. "నీతో మాకు పనిలేదప్పా. బండెక్కి ఇంటికి పో."

బండి పది అడుగుల దూరంలోనే ఉంది, తాళం దానికే వేలాడుతోంది. చిన్నమ్మ నోటుబుక్కు చీర కుచ్చిళ్లలో దోపుకుంది. ఆమె వయసు అరవై రెండు. ఆ గుంతలోంచి ఒకరు చెయ్యివ్వందే పైకి రాలేదు, ఈ ఇసుకలో పరిగెత్తనూ లేదు. లాగి బండెక్కించేలోపు ట్రాక్టర్లు మీదికొచ్చేస్తాయి.

"పో నాయనా," అంది ఆమె. "నీకు పిల్లలుండారు."

సోమశేఖర్‌కు భయంగానే ఉంది. అయినా ఫోను చెవి దగ్గరే పెట్టుకుని గుంత అంచున కూర్చున్నాడు.

"ముత్యాలప్పా, ఆ ఫ్లెక్సులో కింద నా ఫోటో ఉండాది చూడు," అన్నాడు. "దాన్ని పైకి జరుపు. మా చిన్నమ్మ పక్కన పెట్టి దండ ఎయ్యి. కింద ఎవరి ఫోటో పెట్టుకుంటారో మీరే చూసుకోండి."

అవతల ఫోను కట్టయింది.

ట్రాక్టర్లు ఆగలేదు. నాగలక్ష్మమ్మ గుంతలో ఒక పక్కకు ఒత్తిగిలి అతనికి చోటిచ్చింది.