ఉప్పు కాగే గంట

రాతి ఉప్పుని నీళ్లలో వేసి కరిగించడం పెద్ద పనేం కాదు. మట్టీ ఇసుకా అడుక్కి దిగాక పైనీళ్లు గుడ్డలో వడకట్టి, గిన్నెలో పోసి, నీళ్లు ఇగిరి శుభ్రమైన ఉప్పు మిగిలేలా సన్నని మంట మీద పెడితే చాలు. అప్పుడు ఆవిడ వంటింటి తలుపు మూసి, పీట వాల్చుకుని కూర్చునేది.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. ఉప్పు కాగుతున్నంతసేపూ ఎవరూ వంటింట్లోకి రాకూడదు, కేకెయ్యకూడదు. ధ్యాస మళ్లిందా, ఉప్పు మాడి చేదెక్కుతుంది. ఆవిడ కొత్తకోడలిగా వచ్చినప్పుడు అత్తగారు చెప్పిన మాట అది. మొగుడికి మేజోళ్లు దొరక్కపోయినా, కూతురికి జడ ఊడిపోయినా నోరు కట్టుకుని బయట ఉండాల్సిందే. మిగతా వేళల్లో బ్యాంకు కౌంటర్లో "మేడమ్, మేడమ్", ఇంటికొస్తే "ఏమోయ్", "అమ్మా", "అమ్మాయ్". పాపం, ఎవరూ కోపంగా పిలిచేవాళ్లు కారు. ప్రేమగానే పీక్కుతినేవాళ్లు. ఆ ఒక్క గంటా మాత్రం గిన్నె అంచున తెల్లగా కట్టే ఉప్పుని గరిటెతో గీరుతూ ఏది తోస్తే అది తలుచుకునేది. ఒక్కోసారి అదీ లేదు, ఊరికే కూర్చునేది. ఆ ఊరికే కూర్చోవడం ఆవిడకి ఎంత ఇష్టమో!

అలాంటిది, ఆ సెలవు రోజున మొగుడు సంచీడు పొడి ఉప్పు ప్యాకెట్లు తెచ్చి బల్ల మీద పేర్చాడు. మొహం వెలిగిపోతోంది.

"ఇక నువ్వు ఆ పొయ్యి దగ్గర ఉడకక్కర్లేదు. ఉన్న రాతి ఉప్పు పక్కింటివాళ్లకి ఇచ్చేశా. నీ కష్టం నాకు తెలీదనుకున్నావా?"

ఆవిడ ఒక ప్యాకెట్టు తీసి, అటూ ఇటూ తిప్పి మళ్లీ బల్ల మీదే పెట్టేసింది. ఇంత మంచివాడితో ఏమని పోట్లాడుతుంది? నాకు ఆ గంట కావాలంటే, ఏం చేసుకుంటావని అడుగుతాడు. ఏమీ చెయ్యకుండా ఉండటానికే కదా ఆ గంట! "మంచిపని చేశారు" అంది నీరసంగా. అతను ఈల వేసుకుంటూ ముందుగదిలోకి వెళ్లాడు.

వంటింట్లో బీన్సు తుంచుతున్న అత్తగారి పక్కన చతికిలబడి మెల్లగా అడిగింది.

"అత్తయ్యా, పిలిస్తే నిజంగానే ఉప్పు మాడుతుందా?"

"నా మొహం! మీ మామగారు ఊపిరాడనిచ్చేవారు కాదు. నలుగురు మరుదులూ ఆయనకి తీసిపోరు. ఏదో ఒకటి చెప్పాలిగా మరి? నీకూ పనికొస్తుందని నీ చేతిలో పెట్టాను."

ఇద్దరూ కొంగులు నోటికడ్డం పెట్టుకుని కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. నవ్వు ఆగాక కూడా ఆవిడ కళ్లు ఆరలేదు. ఒక్క గంట కోసం ఈ పెద్దావిడ ఇన్నేళ్లు అబద్ధమాడింది. రేపు తన కూతురి చేతిలోనూ ఇదే అబద్ధం పెట్టాలా?

ఆవిడ లేచి వంటింటి తలుపు మూసింది. పీట వాల్చుకుంది. అత్తగారు ఇంకో పీట లాక్కుని పక్కన చేరింది. కాసేపటికి బయటినుంచి మొగుడి గొంతు వినిపించింది.

"ఏమోయ్, తలుపేశావేం? పొయ్యి మీద ఏముంది?"

"ఏమీ లేదు. ఊరికే కూర్చున్నాను. గంటదాకా పిలవకండి," అంది ఆవిడ, కూతురి గదిలోకి కూడా వినబడేంత గట్టిగా.