గ్రుక్కెడు నీళ్లు

గ్రీష్మమధ్యాహ్నమునఁ బ్రచండమార్తాండకిరణసంతప్తమై బందరుపట్టణ మంతయు కొలిమివలె సెగలు గ్రక్కుచుండ సముద్రమునుండి వీచు లవణానిలము సైతము చల్లఁదనము మఱచి వీథులయందలి ధూళిని రేఁపి జనుల కన్నులఁ గొట్టుచుండెను. అట్టివేళ పుస్తకభాండాగారమునఁ గూడిన సాహిత్యసమాజమునందు బడిపంతులుగారి భార్య యగు భువనాంబ తాను రచించిన ప్రథమకథను జదువుచుండెను. ప్రసవానంతరజ్వరమునఁ గన్నుమూసిన తన యాఁడుబిడ్డ కనకముయొక్క మరణమే యా కథకు వస్తువు. ఆ మరణఘట్టము వచ్చునప్పటికి సభాధ్యక్షులైన సోమావధానులుగారు బిగ్గఱగా నవ్విరి.

"చావుదేవత యని వ్రాసితివా యమ్మా! తెలుఁగుమాటకు సంస్కృతము నంటఁగట్టిన దుష్టసమాసము! కనకముకంటె ముందు వ్యాకరణము చచ్చినది!"

సభ ఘొల్లుమనెను. భువనాంబ మొగము జేవురించెను.

"తప్పు నాదియే, దిద్దుకొందును. కాని యయ్యా, మీరు సమాసమును జూచితిరి. అచ్చటఁ జచ్చుచున్న పిల్లను జూడరైతిరి."

"నేర్చుదాఁక వ్రాయవల దనుచున్నాను."

"వ్రాయుచునే నేర్తును" అని యామె కాగితములు లాగికొని యిల్లు సేరెను.

ఇట్టి మరణమునకు నవ్విన యవధానులు కఠినులని తన కథచేతనే ఋజువు చేసికొనఁదలఁచి యామె యా పుటలను మరలఁ జదివెను. వాడిన తామరతూఁడు రాహుగ్రస్తచంద్రరేఖ దావానలదగ్ధలతిక యని తాను పేర్చిన యుపమానరాశిక్రింద కనకము కనఁబడనే లేదు. అంతట నా కోపము తనపైకే తిరిగెను. కనకము నిజముగా ననిన దేమి? "వదినా, గ్రుక్కెడు నీళ్లు" అని మాత్రమే. బాలింతకు నీరిచ్చినచో సన్నిపాతము పుట్టునని యత్తగారు వర్ధనమ్మ కడవమీఁది మూఁత తీయనీయలేదు. భువనాంబ పుట లన్నియుఁ జింపివైచి యా మాటతోనే కథ మరల నారంభించెను.

కథ ముగిసిననాఁడు వాకిటఁ గూర్చుండి పైకిఁ జదువుకొనుచుండఁగా వర్ధనమ్మ వచ్చి యెదుట నిలిచెను.

"దీని నచ్చు వేయింతువా?"

"వేయింతును."

"నన్ను రాక్షసిని జేసితివి! నా బిడ్డ బ్రతుకవలె ననియే నీళ్లు మానిపితిని. నీవును గుమ్మమునొద్దనే నిలిచియుంటివి గదా! ఆ మాట వ్రాసితివా?"

భువనాంబ కాగితములను క్రిందఁ బెట్టెను. సభయం దెవ్వరును బట్టలేని తప్పును వర్ధనమ్మ పట్టినది.

"వ్రాయలేదు."

"ఏల వ్రాయవు? నా పాప మొక్కటియే కథయా?"

"వ్రాసెదను. మీరును గూర్చుండుఁడు. ఆమె నీళ్లడుగుచుండఁగా మీరేమి చేసితిరో చెప్పుఁడు."

"పెరటిలోనికిఁ బోయి చెవులు మూసికొంటిని" అని వర్ధనమ్మ యరచినట్లు పలికి చతికిలఁబడెను.

ఇరువురిలో నెవ్వరును రెండవవారిని క్షమింపలేదు. ఐనను ప్రొద్దు వ్రాలి యక్షరములు కనఁబడకపోవుదాఁక నొకరు చెప్పుచునే యుండిరి. ఒకరు వ్రాయుచునే యుండిరి.